ముందు షుగరా, ముందు చిగుళ్ళా?

మా పెద్ద మావయ్యకి 58 ఏళ్ళప్పుడు కింద ముందు పళ్ళు కదలటం మొదలైంది, చెరుకు ముక్క సంగతి సరే, దోరజామకాయ కూడా కొరకలేకపోయేవాడు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "షుగరొచ్చి పన్నెండేళ్ళయింది, పళ్ళు వదులవ్వక ఏమవుతాయి". పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన నోట్లోకి లైటేసి చూసి, ముందు షుగర్ కంట్రోల్ చేసుకుని రండి తర్వాత చూద్దాం అన్నాడు. షుగర్ డాక్టరేమో ఒక మాత్ర డోసు పెంచి, ఇంకోటి కలిపి, అయినా దిగకపోయేసరికి "మీరు చాటుగా ఏదో తింటున్నారు" అని అనుమానంగా చూశాడు. ఇలా ఎనిమిది నెలలు ఇద్దరి మధ్యా తిరిగాడు మనిషి. పెళ్ళైతే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టుంది వ్యవహారం.

షుగర్ ఉన్నోళ్ళకి పళ్ళు త్వరగా పోతాయి అన్నది మనలో చాలామందికి తెలుసు. ఇది సగం కథే. చెడిపోయిన చిగుళ్ళు తిరిగి షుగర్ని పైకి నెడతాయి అన్నది మిగతా సగం, దీన్ని పేషెంట్లు సరే కొన్నిసార్లు డాక్టర్లు కూడా పట్టించుకోరు, ఎందుకంటే నోరు ఒక డిపార్ట్‌మెంటు, ఒళ్ళు ఇంకో డిపార్ట్‌మెంటు కదా మనకి. కాళ్ళు చూస్తారు, కళ్ళు చూపించుకోమంటారు, కిడ్నీకి యూరిన్ టెస్టు రాస్తారు, నోరు తెరవమని అడిగిన షుగర్ డాక్టర్ని నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

అసలు చిగుళ్ళ జబ్బంటే ఏంటో ముందు చూద్దాం. పొద్దున్న లేచాక నాలుక పెట్టి పళ్ళని తడిమితే జిగటగా తగులుతుంది చూడండి, అదే పాచి. అది ఆహారం ముక్క కాదు, బాక్టీరియా కాపురం పెట్టిన పొర. రెండు పూటలా తోమితే పోతుంది, తోమకపోతే ఉమ్ములో ఉన్న కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది, ఇక అప్పుడు బ్రష్ కాదు కదా ఏం పెట్టి రుద్దినా రాదు, మిషన్‌తో గీకాల్సిందే. పాచి చిగురు అంచున చేరితే చిగురు వాచి, ఎర్రబడి, తోముతుంటే రక్తం వస్తుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో అనే ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు కలిసి దీని మీద ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమటం మానేయమన్నారు, అంతే. 10 నుంచి 21 రోజుల్లోపు ఒక్కళ్ళు కూడా మిగలకుండా అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోమటం మొదలుపెట్టగానే వారం అటూఇటూగా సర్దుకున్నాయి. అంటే ఈ మొదటి దశ పూర్తిగా వెనక్కి తిప్పుకోగలిగేదే.

రెండో దశ అలా కాదు. వాపు లోపలికి దిగితే పన్నుకీ చిగురుకీ మధ్య ఉండే సందు లోతవుతుంది, పాకెట్ అంటారు దాన్ని. మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాల్సింది 5, 6, 7 అవుతుంది. బ్రష్ అంత లోతుకి వెళ్ళదు, లోపల చీకటి, గాలి ఆడదు, ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియాకి అంతకన్నా ఏం కావాలి. వాటితో మన ఒళ్ళు చేసే యుద్ధంలో పన్నుని పట్టుకుని ఉన్న ఎముక అరిగిపోతుంది, పోయిన ఎముక చాలావరకు పోయినట్టే. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు! పిప్పి పన్ను రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుంది, చిగుళ్ళ జబ్బు పదేళ్ళపాటు కిక్కురుమనకుండా పని కానిచ్చుకుంటుంది. పన్ను కదిలినప్పుడే మనకి తెలిసేది, అప్పటికి ఎముక సగం పైన పోయి ఉంటుంది చాలాసార్లు.

తోమకపోతే అందరికీ ఇదే గతా అంటే, కాదు. ఇదే లో టీమ్ శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలని 1970 నుంచి పదిహేనేళ్ళు గమనించింది. వాళ్ళకి పళ్ళు తోముకునే అలవాటు లేదు, పళ్ళ డాక్టరూ లేడు. వాళ్ళలో 8 శాతం మందికి జబ్బు దూసుకుపోయింది, 81 శాతం మందికి మధ్యస్తంగా నడిచింది, 11 శాతం మందికి చిగుళ్ళు వాచాయి గానీ ఎముక దాకా వెళ్ళనే లేదు. అందరి నోళ్ళలోనూ గార కుప్పలే, ఫలితాలు మాత్రం మూడు రకాలు. అంటే పాచి లేకుండా జబ్బు రాదు గానీ, ఎంత వేగంగా వస్తుంది అనేది మాత్రం ఆ మనిషి ఒళ్ళు ఆ పాచికి ఎలా స్పందిస్తుంది అనే దాన్ని బట్టి ఉంటుంది. జీన్స్ ఎలాగూ మన చేతిలో లేవు. అవి కాకుండా ఈ స్పందనని చెడగొట్టేవాటిలో పెద్దవి రెండు, ఒకటి పొగాకు, రెండోది షుగర్.

షుగర్ చిగుళ్ళని ఎలా పాడుచేస్తుందో గట్టిగా తేలింది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో గిలా నది ఒడ్డున ఉండే పీమా తెగ వాళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో. ప్రపంచంలోనే టైప్ 2 షుగర్ బాగా ఎక్కువగా ఉన్న జనాల్లో వాళ్ళు ఒకళ్ళు, 1965 నుంచి దశాబ్దాలపాటు వాళ్ళని పరీక్షిస్తూ వచ్చారు. 1990లో వచ్చిన లెక్క ప్రకారం షుగర్ లేనివాళ్ళతో పోలిస్తే ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు కొత్తగా రావటం 2.6 రెట్లు ఎక్కువ. ఇలాంటివన్నీ ముందు పెట్టుకుని 1993లో అదే హెరాల్డ్ లో (అప్పటికి అమెరికా ప్రభుత్వ దంత పరిశోధన సంస్థకి డైరెక్టర్ ఆయన) చిగుళ్ళ జబ్బుని షుగర్ వల్ల వచ్చే ఆరో కాంప్లికేషన్ అన్నాడు. కళ్ళు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుళ్ళు, వీటి పక్కన చిగుళ్ళు. ముప్పై ఏళ్ళు దాటింది ఆ మాట అని, మన షుగర్ ఫైళ్ళలో ఆ ఆరో గడి ఇంకా ఖాళీగానే ఉంది.

చాలామంది అనుకునేది ఉమ్ములో తీపి పెరిగి పళ్ళు పుచ్చుతాయని, కానీ అసలు నష్టం రక్తం వైపు నుంచి వస్తుంది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది ఒంట్లో ప్రొటీన్లకి అంటుకుపోతుంది, హెచ్‌బీఏ1సీ టెస్టు అంటే ఏంటి, ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుంది అనే లెక్కే కదా, అలాగే చిగుళ్ళని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కి కూడా అంటుకుంటుంది. ఎర్రకణం నాలుగు నెలల్లో చచ్చిపోతుంది, కొత్తది వస్తుంది. కొల్లాజెన్ అలా కాదు, మెల్లగా మారే సరుకు, అందుకే దానికి అంటిన చక్కెర పాకం ముదిరినట్టు ముదిరిపోతుంది. ఆ ముదిరిన సరుకు గట్టిపడి సరిగ్గా మరమ్మతు అవ్వదు, పైగా దాన్ని చూసి తెల్లకణాలు శత్రువొచ్చాడేమో అని రెచ్చిపోయి వాపు పుట్టించే కెమికల్స్ వదులుతూనే ఉంటాయి. బాక్టీరియాని తినాల్సిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలేమో మందకొడిగా తయారవుతాయి. ఈ రెంటినీ కలిపి చూడండి, దొంగని పట్టుకోలేడు గానీ వీధిలో ఇళ్ళన్నీ పగలగొట్టేస్తున్నాడు, అలాంటి పోలీసు మన చిగుళ్ళలో డ్యూటీ చేస్తున్నాడన్నమాట. సన్న రక్తనాళాలు చెడటం, నోరు ఎండిపోవటం, ఉమ్ము తగ్గటం, ఇవి అదనం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. షుగర్ ఉందా లేదా అన్నది కాదు, ఎంత కంట్రోల్‌లో ఉంది అన్నదే లెక్క. బాగా కంట్రోల్‌లో ఉన్నవాళ్ళకి ఈ రిస్కు షుగర్ లేనివాళ్ళకి దగ్గర దగ్గరగానే ఉంటుంది. చిగుళ్ళ డాక్టర్లు 2018లో తెచ్చిన కొత్త వర్గీకరణలో కూడా, షుగర్ ఉన్న మనిషికి హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉంటే ఒక గ్రేడు, 7గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే జబ్బు వేగంగా ముదిరే గ్రేడు అని పెట్టారు. కాబట్టి "షుగరొచ్చింది, ఇక పళ్ళు పోతాయిలే" అనే వైరాగ్యం అక్కర్లేదు.

ఇప్పుడు తిరుగు దారి. కాలికి పుండు పడితే, జ్వరమొస్తే, షుగర్ పెరుగుతుందని ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా అంతే. మరి చిగుళ్ళని పుండుగా ఎందుకు లెక్కవెయ్యం? కనపడదు కాబట్టి. పాకెట్ లోపలి గోడ మీద చర్మం లాంటి పొర చిరిగిపోయి పచ్చిగా ఉంటుంది, నోట్లో ఉన్న పళ్ళన్నిటి చుట్టూ ఉన్న ఆ పొరని విప్పి పరిస్తే ఎంతుంటుందని లెక్కగట్టినవాళ్ళు, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు అన్నారు. ఎక్కువ ఉన్నవాళ్ళలో అది దాదాపు అగ్గిపెట్టె పైభాగమంత. అంత పుండు కాలి మీద ఉంటే పరిగెత్తుకెళ్ళి డ్రెస్సింగ్ చేయించుకుంటాం. నోట్లో అయితే దాని మీదే అన్నం నములుతాం, నమిలినప్పుడల్లా కాస్త బాక్టీరియా రక్తంలోకి జారుతూ ఉంటుంది.

ఆ వాపులో పుట్టే టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి కెమికల్స్ చిగురు దగ్గరే ఆగవు, రక్తంలో పడి తిరుగుతాయి. లివర్ వాటికి స్పందించి సీఆర్‌పీ అనే, ఒంట్లో వాపుందని చెప్పే ప్రొటీన్ తయారుచేస్తుంది. కండరాల్లో, కొవ్వులో ఉండే కణాలు ఇన్సులిన్ మాట వినటం తగ్గిస్తాయి. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది చూడండి, అదే మనిషి అదే బలంతో తోసినా తెరుచుకోదు, ఇన్సులిన్ పరిస్థితి అచ్చం అంతే. ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ ఇంకాస్త గట్టిగా తోస్తుంది, దానికి ఓపిక అయిపోయాక షుగర్ పైనే ఉండిపోతుంది. పైన ఉన్న షుగర్ మళ్ళీ చిగుళ్ళ మీద పడుతుంది. ఇంకోటి కూడా ఉంది, ఇది మన ఇళ్ళల్లో చూస్తుంటాం. పళ్ళు కదిలినవాళ్ళు కాయగూర ముక్కలు, పచ్చి దోసకాయ, మొలకలు, జొన్నరొట్టె తినలేరు, మెత్తగా కలిపిన అన్నం, ఇడ్లీ, పాలల్లో నానేసిన బిస్కెట్లకి దిగుతారు, షుగర్ ఉన్న మనిషికి ఏది వద్దంటారో సరిగ్గా అదే తిండి.

సరే, ఇదంతా వినటానికి బాగానే ఉంది, మరి చిగుళ్ళకి ట్రీట్‌మెంట్ చేస్తే నిజంగా షుగర్ తగ్గుతుందా? రెండు జబ్బులు పక్కపక్కన కనపడినంత మాత్రాన ఒకదానివల్ల ఒకటి అనలేం, సిగరెట్టు, ఊబకాయం, డబ్బు లేకపోవటం, ఇవి రెంటినీ పెంచుతాయి కాబట్టి. అందుకే ట్రయల్స్ చూడాలి, అంటే ఒక గ్రూపుకి ట్రీట్‌మెంట్ ఇచ్చి ఇంకో గ్రూపుతో పోల్చే ప్రయోగాలు, అక్కడే అసలు పేచీ వచ్చింది. 2013లో అమెరికాలో 514 మందితో ఒక పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, చిగుళ్ళకి డీప్ క్లీనింగ్ (పాకెట్ల లోపలిదాకా గార గీకెయ్యటం) చేసినవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీలో తేడా ఏం లేదు. లాభం కనపడే సూచన లేదని ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. చిగుళ్ళ డాక్టర్లు ఊరుకోలేదు, ట్రీట్‌మెంట్ తర్వాత కూడా వాళ్ళ నోళ్ళలో పాచి, రక్తం కారటం అంతంత మిగిలి ఉంటే, మంట ఆర్పకుండానే వేడి తగ్గలేదంటే ఎలా అన్నారు. ఓడిపోయినవాళ్ళ సాకులా అనిపిస్తుంది గానీ, వాదనలో పస ఉంది. 2018లో లండన్‌లో 264 మందితో ఇంకో ట్రయల్ ఫలితం వచ్చింది, ఇందులో ఒక గ్రూపుకి ఏడాదిపాటు వదలకుండా, అవసరమైతే సర్జరీతో సహా గట్టి ట్రీట్‌మెంట్ ఇచ్చారు, రెండో గ్రూపుకి పైపై క్లీనింగ్ చేశారు. ఏడాది తిరిగేసరికి మొదటి గ్రూపు హెచ్‌బీఏ1సీ 0.6 తక్కువ ఉంది. 2022లో కాక్రేన్ అనే, ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచే సంస్థ వాళ్ళు 35 ట్రయల్స్, 3 వేల మందికి పైగా పేషెంట్లని కలిపి లెక్కేస్తే మూడు నాలుగు నెలలకి సగటున 0.43, ఆరు నెలలకి 0.30 తగ్గినట్టు తేలింది.

దీని అర్థం ఏంటంటే, 8.4 ఉన్నది 8.0కి దగ్గరగా రావచ్చు. మాత్ర మానేసేంత కాదు, ఇన్సులిన్ ఆపేసేంత అసలే కాదు. "ఒక్క క్లీనింగ్‌తో షుగర్ మాయం" అనే వీడియోలు నాకూ వాట్సాప్‌లో వస్తుంటాయి, ఆయిల్ పుల్లింగ్ వీడియోల పక్కనే, వాటిని అక్కడే వదిలెయ్యండి. కానీ అర పాయింటు దించటానికి డాక్టర్లు ఇంకో మాత్ర కలుపుతుంటారు అన్నది గుర్తుంటే, పళ్ళు మిగిలించుకునే పనిలో ఉచితంగా వచ్చే 0.3 ఏమంత తక్కువ కాదు. క్లీనింగ్ అయిన పదో రోజే హెచ్‌బీఏ1సీ చేయించి ఏం తగ్గలేదని తిట్టుకోవద్దు, ఆ టెస్టు చూపించేది గత రెండు మూడు నెలల లెక్క, మూణ్ణెల్లు ఆగి చేయించాలి.

మరి మొదటి ప్రశ్న, ఏది ముందు? రెండూ ఒకేసారి. పన్ను పీకటం, సర్జరీ లాంటి వాయిదా వేసుకోగల పనులకి షుగర్ మరీ ఎక్కువుంటే కాస్త దించుకుని రమ్మనటంలో తప్పు లేదు, పుండు మానాలి కదా. కానీ గార తీయటానికి, పాకెట్లు శుభ్రం చెయ్యటానికి నెలల తరబడి ఆగక్కర్లేదు. చీము పట్టి వాచినప్పుడైతే షుగర్ దిగేదాకా ఆగటం పూర్తిగా తిరగేసిన లెక్క, ఆ చీమే షుగర్ని దిగనివ్వట్లేదు, ముందు దాన్ని బయటికి తియ్యాలి. షుగర్ ఉంటే పన్ను అస్సలు పీకించుకోకూడదు అనేది కూడా పాత భయమే, కంట్రోల్‌లో ఉంటే మామూలు మనిషిలాగే పీకించుకోవచ్చు.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, సందులు పడతాయి అని మన ఊళ్ళల్లో బలమైన నమ్మకం, దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు గానీ జనం చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు. ఎముక ఎప్పుడో పోయింది, ఆ సందులో గార సిమెంటులా నిండి కదిలే పళ్ళని పట్టుకుని ఉంది, వాచిన చిగురు మిగతా సందు కప్పేసింది. గార తీసి వాపు దిగగానే ఉన్న సందు బయటపడింది. కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమంటాయి కూడా. ఇది ముందే చెప్పే డాక్టర్ దగ్గరికెళ్ళండి, చెప్పకపోతే మీరే అడగండి.

ఇంకో రెండు చిక్కులు. షుగరున్నవాళ్ళలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది, బీపీకి మన దగ్గర తెగ రాసే ఆమ్లోడిపిన్ మాత్ర కొంతమందికి చిగుళ్ళని ఉబ్బించి పళ్ళ మీదకి పెంచుతుంది, అది షుగర్ వల్ల అనుకుని ఊరుకుంటారు. అలాగని మీరే మానెయ్యకూడదు, రాసిన డాక్టర్‌కి చూపిస్తే వేరే రకం మారుస్తారు. రెండోది, పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళు పెద్దగా రక్తం కారవు, నికోటిన్ రక్తనాళాలని బిగించేస్తుంది కాబట్టి, "నాకు రక్తమే రాదు, నా చిగుళ్ళు ఉక్కు" అనుకుంటారు, లోపల ఎముక పోతూనే ఉంటుంది. పొగాకు పొడితో పళ్ళు తోమేవాళ్ళ సంగతి ఇక చెప్పేదేముంది.

పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళే రోజు టిఫిన్ మానేసి వెళ్ళొద్దు. మాత్ర వేసుకుని, పనయ్యాక తిందాంలే అని ఖాళీ కడుపుతో కూర్చుంటే, మత్తు ఇంజెక్షన్ వల్ల తర్వాత రెండు గంటలు నమలలేక, షుగర్ పడిపోయి కుర్చీలోనే చెమటలు పట్టినవాళ్ళున్నారు. పొద్దుటి అపాయింట్‌మెంట్ పెట్టుకుని, తిని, మాత్ర వేసుకుని, లేటెస్ట్ రిపోర్టు పట్టుకెళ్ళండి. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. డీప్ క్లీనింగ్ ఒక సిట్టింగ్‌తో అయ్యేది కాదు, రెండు మూడు సార్లు రమ్మంటారు, ఆ తర్వాత కూడా మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో చూపించుకోవాలి, ఎందుకంటే పాకెట్లలో బాక్టీరియా మళ్ళీ చేరుతుంది. ప్రైవేటులో ఖర్చనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో గవర్నమెంటు డెంటల్ కాలేజీలున్నాయి, టైమ్ పడుతుంది గానీ పని జరుగుతుంది. ఇంట్లో మాత్రం రెండు పూటలా తోమటం, ముఖ్యంగా రాత్రి, పళ్ళ మధ్య సందులుంటే అందులో దూరే చిన్న బ్రష్‌లు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, అవి వాడటం. వేపపుల్ల మంచిదే, కానీ అది పళ్ళ సందుల్లోకి, వెనకవైపుకి వెళ్ళదు.

2023లో ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్, ఇంకో 13 కోట్ల 60 లక్షల మందికి షుగర్ ముందు దశ ఉందని లెక్క తేల్చింది. వీళ్ళలో చాలామందికి తమకి షుగర్ ఉందనే తెలీదు, కాబట్టి ఉన్నట్టుండి చిగుళ్ళలో చీముగడ్డలు మళ్ళీ మళ్ళీ లేస్తుంటే, కారణం లేకుండా పళ్ళు కదులుతుంటే, పళ్ళ డాక్టరే షుగర్ టెస్టు రాయాల్సిన రోజులివి.

మావయ్య విషయానికొస్తే, చివరికి మూడో డాక్టర్ దగ్గర పని మొదలైంది. కింద నాలుగు పళ్ళు దక్కలేదు, మిగతావి గట్టిగానే ఉన్నాయి ఇప్పటికి. షుగర్ కూడా దిగింది. కాకపోతే అదే టైములో ఆయన పొద్దున్నే నడవటం మొదలుపెట్టాడు, షుగర్ డాక్టర్ మాత్ర మార్చాడు, కాబట్టి ఎంత దేనివల్ల దిగిందో చెప్పటం నా వల్ల కాదు. మావయ్యేమో అంతా ఆ పళ్ళ డాక్టర్ చలవే అంటాడు, అత్తయ్య మాత్రం ఒప్పుకోదు, నేను పెట్టిన రాగిసంకటి సంగతేంటి అంటుంది.